ఒక అడుగు వెనకబడిన రంగులు

జూన్ 3

ప్రియమైన అమ్మమ్మకు,

క్వారీలో చేరి ఇవాళ్టికి నలభై ఒక్క రోజు. ఇక్కడ ఫోను అందదని వచ్చేముందే చెప్పాను. సామాన్ల బండి వారానికి రెండుసార్లు వస్తుంది, మా పోస్టు కూడా అదే తెస్తుంది. చిన్నప్పుడు నువ్వు చెవి మెలేసి నేర్పిన ఉత్తరాల విద్య ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

నా ఉద్యోగం కాటా గదిలో. లారీ వచ్చి కాటా మీద నిలబడుతుంది, నేను బరువు చూసి చీటీ రాస్తాను. గది ఆరడుగులు పొడవు, ఐదడుగులు వెడల్పు. మూడు వైపులా అద్దం, నాలుగో వైపు తలుపు. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. కాటా మీద లారీ ఉంటే దాని మెట్టు తలుపుకి అడ్డం పడుతుంది. ఒక లారీ దిగేలోపే ఇంకోటి ఎక్కుతుంది. నిన్న ఎనిమిదింటికి లోపలికి వెళ్ళినదాన్ని మూడింటికి బయటపడ్డాను. డ్రైవర్లు ఈ గదికి చేపల తొట్టి అని పేరు పెట్టారు. మూడేళ్ళకి సంతకం పెట్టి వచ్చాను అమ్మమ్మా. ఇప్పుడు ఆ మూడేళ్ళూ అద్దంలోంచి కనబడుతున్నాయి.

కాటాకి ఎదురుగా కొలిమి ఉంది. రాళ్ళు కొట్టేవాళ్ళ ఉలులన్నీ అక్కడే తయారవుతాయి. రోజంతా దాన్నే చూస్తున్నాను. అక్కడ రెండో మనిషి అక్టోబరులో మానేస్తున్నాడట. మేనేజరు నోటీసు అంటించాడు: అక్టోబరు 12న ఎవరైనా సరే పది ఉలులు చేసి ఇవ్వొచ్చు, రాయి మీద అవి ఒక రోజంతా నిలిస్తే ఆ పని వాళ్ళదే. లేకపోతే బయటినుంచి మనిషిని తెస్తారు. నేను చేస్తానని పేరు రాశాను. కొలిమి మేస్త్రి దగ్గరికి వెళ్ళి అడిగాను కూడా.

"ఏం పాపా, కాటా దగ్గర పని లేదా?" అన్నాడు.

"ఉందండీ. అందుకే వచ్చాను," అన్నాను.

"నా దగ్గరికి వచ్చినవాళ్ళు మొదటి నెలలోనే కనుబొమ్మలు పోగొట్టుకుంటారు. నీవి బాగున్నాయి, ఉంచుకో," అని తిరిగి సుత్తి ఎత్తాడు.

కాబట్టి ఎలాగైనా నేనే నేర్చుకోవాలి. ఎలాగైనా నువ్వు నాకు పుస్తకాలు వెతికి పెట్టాలి. అసలు ఏమీ రానివాళ్ళు మొదట చదవాల్సినవి. అమ్మ పోయాక నాకు ఎక్కాల దగ్గర్నుంచి అన్నీ నేర్పింది నువ్వే కదా, ఇది కూడా ఎలాగైనా నేర్పించు.

నీ తుంటి ఎలా ఉంది?

నీ మనవరాలు,
కందిరీగ


జూన్ 12 (ఈ ఏడాది నేను నీకు రాస్తున్న 4వ ఉత్తరం)

చిరంజీవి కందిరీగకు,

నీ ఉత్తరం తొమ్మిదో తేదీన అందింది. అందులో "ఎలాగైనా" అనే మాట మూడుసార్లు వాడావు. ఎలాగో తెలియనివాళ్ళు వాడే మాట అది. ఇకమీదట మానెయ్.

నా అభిప్రాయం ముందు చెబుతాను. నిన్ను చదివించినది ఇనుము కొట్టడానికి కాదు. కొలిమి దగ్గర జీవితం ఎంత ఇరుకో నీకు తెలియదు. అద్దాల గదిలోంచి కనీసం అవతలి వైపు కనబడుతుంది. అయినా అడిగినదానికి జవాబు ఇవ్వకపోవడం నాకు అలవాటు లేదు. వెతికాను.

ఎలా వెతికానో కూడా రాస్తాను. కిందపడిన రోజు నుంచి నేటికి పదకొండు నెలల ఆరు రోజులుగా నేను ఈ నాలుగో అంతస్తు దిగలేదు. అరవై ఎనిమిది మెట్లు. గది కొలత నీ కాటా గది కంటే పెద్దదే, పదకొండు అడుగులకు తొమ్మిది. రోజుకు రెండు పూటలా ఇందులోనే నడుస్తున్నాను, గడిచిన వారం 2,310 అడుగులు. కింద వీధిలో పాత పుస్తకాల కొట్టు ఉంది కదా, ఆయనకు బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్టలో చీటీ దించుతాను. ఆయన చదివి, తల పైకెత్తి అరుస్తాడు.

"మేడంగారూ, కమ్మరి పనా? మీకా?"

"నాకే. ఈ వయసులో గుర్రానికి నాడా వేద్దామనుకుంటున్నాను. ఉన్నాయా లేవా?"

"వెతుకుతానండీ. గుర్రం ఎక్కడుంది?"

మొదట ఆయన పంపినది గుర్రాల వైద్యం. తిప్పి పంపాను. తరువాత మూడు పంపాడు. వాటి లెక్క ఇది. గేట్ల బొమ్మల పుస్తకం, 212 పుటలు. చూసి మురిసిపోవడానికి తప్ప దేనికీ పనికిరాదు, నూటికి ఐదు మార్కులు. ఇంట్లోనే చిన్న కొలిమి కట్టుకోవడం గురించి పలచని పుస్తకం, 64 పుటలు. రాసినాయన ప్రతి పుటలోనూ తన వేళ్ళు ఎలా కాల్చుకున్నాడో చెప్పాడు, అందుకే నమ్మదగినవాడు, డెబ్బై. మూడవది ఏదో శిక్షణ కేంద్రంలో వాడిన పాఠ్యపుస్తకం, అట్ట లేదు, క్రమం ఉంది, ఎనభై. అయితే అందులో 141 నుంచి 156 వరకు పుటలు చిరిగిపోయాయి. ఉలికి పదును పెట్టే అధ్యాయం సరిగ్గా అదే. ఎవరో అవసరం ఉన్నవాళ్ళే చింపుకుపోయారు.

చివరి రెండూ పంపుతున్నాను. ముందు పలచనిది చదువు. కొలిమి కట్టు. మేకులు, కొక్కేలు చెయ్. యాభై కొక్కేలు ఒకే కొలతలో వచ్చేదాకా ఉలి మాట ఎత్తకు.

ఇక్కడ నీ అత్తయ్యతో రోజూ ఒక గొడవ. దుప్పట్లు సరిగ్గా ఉతకడం లేదు, అన్నీ పసుపుపచ్చగా తేలుతున్నాయి. అడిగితే "తెల్లగానే ఉన్నాయి అత్తయ్యా" అంటుంది. నాకు వాదించే ఓపిక లేదు.

తుంటి అలాగే ఉంది.

నీ క్షేమం కోరే
అమ్మమ్మ


జూలై 2

ప్రియమైన అమ్మమ్మకు,

కొలిమి కట్టాను. పాత లారీ చక్రం లోపలి ఇనుప డ్రమ్ము, దానికి కింద గొట్టం, గొట్టానికి చేత్తో తిప్పే పంకా. దాగలి లేదు, రైలు పట్టా ముక్క ఒకటి దొరికితే మొద్దులోకి దిగ్గొట్టాను, దాని మీదే కొడుతున్నాను. కాటా గది వెనక సందులో, లారీలు ఆగాక సాయంత్రం గంటన్నర. మేనేజరు ఒప్పుకున్నాడు గానీ రెండు షరతులు పెట్టాడు, తూకం ఆగకూడదు, పొగ ఆయన కిటికీ వైపు రాకూడదు. పొగకి ఆ షరతు తెలియదు.

నీ పలచని పుస్తకం రాసినాయన దేవుడు. ఆయన కాల్చుకున్న చోట్లన్నీ నేనూ కాల్చుకున్నాను, కానీ ఆయన చెప్పిన మందు రాసుకున్నాను. కుడి కనుబొమ్మ సగం పోయింది. మర్నాడు మేస్త్రి కాటా ముందు నుంచి వెళుతూ అద్దంలోకి తొంగిచూసి, తన కనుబొమ్మ తడుముకుని వెళ్ళిపోయాడు.

యాభై కొక్కేలు అయ్యాయి. నలభై నాలుగు ఒకే కొలత, ఆరు వాటి ఇష్టం. ఉక్కు కమ్మీని ఉలి ఆకారానికి సాగదీయడం కూడా వచ్చింది. కానీ పదును పెట్టడం దగ్గర ఆగిపోయాను. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గాజులా అవుతుంది, ఒక్క దెబ్బకి పగులుతుంది. ముంచకపోతే మైనంలా వంగుతుంది. ఈ రెండింటి మధ్య ఏదో ఉంది, అది ఆ చిరిగిన పదహారు పుటల్లో ఉంది. మేస్త్రి ఆ పని చేసేటప్పుడు మా వైపు వీపు పెట్టి నిలబడతాడు.

పాత పుస్తకాలాయన్ని ఇంకో ప్రతి కోసం అడుగుతావా? ఇవాళ ఇరవై ఆరు లారీలు. తలుపు రెండుసార్లే తెరుచుకుంది.

నీ
కందిరీగ


జూలై 18 (6వ ఉత్తరం)

చిరంజీవి కందిరీగకు,

నలభై నాలుగు సరి, ఆరు తప్పు అంటే నూటికి ఎనభై ఎనిమిది. మొదటి శ్రేణి. పొంగిపోకు.

చిరిగిన అధ్యాయం దొరికింది. పుస్తకం ఇవ్వడానికి కుదరదన్నారు కనుక పదహారు పుటలూ నా చేత్తో ఎత్తి రాశాను. ఇందులో సారాంశం ఇది. ఉలి మొన ఎర్రబడ్డాక మొనను మాత్రమే ముంచి తీయాలి. వెంటనే దాన్ని ఇసుకరాయితో రుద్ది మెరిపించాలి. మెడ దగ్గర ఇంకా వేడి ఉంటుంది కదా, ఆ వేడి మొన వైపు నడుస్తుంది, నడుస్తూ మెరిసిన ఉక్కు మీద రంగులు తెస్తుంది. ముందు లేత ఎండుగడ్డి రంగు, తరువాత ముదురు గడ్డి రంగు, తరువాత గోధుమ వర్ణం, ఊదా, చివర నీలం. రాయి కొట్టే ఉలికి మొన గోధుమ వర్ణం నుంచి ఊదాలోకి తిరిగే చోట మొత్తం ముంచెయ్యాలి. ముందు ముంచితే పెళుసు. తరువాత ముంచితే మెత్తన. రంగు వచ్చాక ముంచుదామనుకుంటే ఆలస్యమైనట్టే. రాబోతున్నప్పుడు ఊపిరి బిగపట్టి, వస్తుండగా ముంచాలి.

రంగుల పేర్లతో పని జరగదు కనుక పటం వేసి పంపుతున్నాను. కొట్టాయన బుట్టలో నీటిరంగుల పెట్టె పంపాడు. ఐదు గళ్ళు వేయడానికి నాలుగు రోజులు పట్టింది, పదకొండు కాగితాలు చింపాను. దీన్ని ఎండలో చూడకు. కొలిమి దగ్గర నీడ ఉండాలి, ఎండలో రంగులు అబద్ధం చెబుతాయి.

నీ మామయ్య నా గదికి కొత్త బల్బు తెచ్చాడు. అది పాతదాని కంటే గుడ్డి. మార్చమంటే "ఇది మిగతా గదుల్లోదే అమ్మా" అన్నాడు. ఈ ఇంట్లో ఏ వస్తువు కొన్నా నాసిరకమే.

అద్దంలోంచి మేస్త్రి వీపు చూస్తూ కూర్చోకు. వీపుకి రంగులు ఉండవు.

నీ క్షేమం కోరే
అమ్మమ్మ


ఆగస్టు 25

ప్రియమైన అమ్మమ్మకు,

ఇన్నాళ్ళు రాయనిది పని కుదిరాకే రాద్దామని. కుదరలేదు.

నువ్వు పంపిన పదహారు పుటలు కంఠతా వచ్చేశాయి. మిగతా పుస్తకమంతా డిగ్రీల్లో, నిమిషాల్లో ఉంది, ఈ అధ్యాయం మాత్రం ఎవరో పక్కన నిలబడి చెబుతున్నట్టుంది. "తిత్తి ఊదేవాళ్ళు ఎడమ వైపు నిలబడాలి, కుడి వైపు నిలబడితే పొగ నేరుగా కళ్ళలోకే" అని ఒక పాఠ్యపుస్తకం రాస్తుందా? ఎవరు రాశారో గానీ పనిచేసినాయన.

సందులో గోనె పట్టాలు కట్టి నీడ చేసుకున్నాను. పటాన్ని పక్కనే మేకుకి తగిలించాను. రంగులు నిజంగానే నడుస్తాయి అమ్మమ్మా. మొదటిసారి చూసినప్పుడు ముంచడం కూడా మర్చిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాను. తరువాత ఆరు ఉలులు చేశాను. ఆరూ నీ పటంలో గోధుమ గడి, ఊదా గడి మధ్య గీతకి సరిపోయేలా, వెంట్రుకవాసి తేడా లేకుండా ముంచాను. రాళ్ళు కొట్టే అక్క ఒకామె వాటిని తీసుకెళ్ళింది. మధ్యాహ్నానికి ఆరూ తెచ్చి నా అద్దం ముందు వరసగా పెట్టింది. ఆరింటికీ మొనలు పెంకుల్లా లేచిపోయాయి.

"అమ్మాయ్, వీటితో రాయి కొట్టాలా, రాయితో వీటిని కొట్టాలా?" అంది.

లారీ ఉంది, తలుపు తెరుచుకోలేదు. అద్దంలోంచే దండం పెట్టాను.

పెళుసు అంటే ముందుగా ముంచినట్టు. కానీ నేను పటం ప్రకారమే చేశాను. పుస్తకమే తప్పేమో చూస్తావా? పరీక్షకి నలభై ఎనిమిది రోజులుంది. తప్పితే ఇంకా రెండేళ్ళ ఆరు నెలలు ఈ తొట్టిలోనే. నిన్న కలలో కూడా చీటీలు రాశాను.

నీ
కందిరీగ


సెప్టెంబరు 3 (8వ ఉత్తరం)

చిరంజీవి కందిరీగకు,

పుస్తకం తప్పు కాదు. ఆ రంగులు తప్పు కావు. ఆ విషయంలో నాతో వాదించకు. నువ్వు తొందరపడి ఉంటావు, లేదా నీ గోనె పట్టాలకు చిల్లులు ఉండి ఉంటాయి.

అయినా పటాన్ని మళ్ళీ వేశాను, మొదటిదాని కంటే జాగ్రత్తగా. దీన్ని అనుసరించు. మొదటిది పారెయ్యి.

ఈ ఉత్తరంలో వరసలు వంకర పోయి ఉంటే కాగితం మంచిది కాదు. నిన్న బుట్ట దించబోతే తాడు కొక్కెం మీద పడక రెండుసార్లు జారింది. నీ అత్తయ్య చూసి "నేను దించనా?" అంది. ఈ ఇంట్లో నాకు మిగిలినది ఆ బుట్ట ఒక్కటే, దాన్ని కూడా అడిగితే ఎలా?

ఈ వారం 2,480 అడుగులు. తుంటి అలాగే ఉంది.

నీ
అమ్మమ్మ


సెప్టెంబరు 22

ప్రియమైన అమ్మమ్మకు,

దీన్ని కూర్చుని చదువు. అత్తయ్యని చదివిపెట్టమన్నా ఫరవాలేదు.

నీ రెండో పటం వచ్చాక మొదటిది పారేయలేదు. పక్కపక్కన పెట్టి చూశాను. రెండోది ఇంకా పాలిపోయి ఉంది. నువ్వు ఇంకా జాగ్రత్తగా వేసినది ఇంకా తప్పెలా అవుతుంది? ఏం చేయాలో తెలియక రెండూ పట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. పనిలో ఉండి మొదట చూడలేదు. తరువాత చూశాడు. సుత్తి కింద పెట్టాడు.

"ఇది ఎవరు వేశారు?"

"పుస్తకంలోదండీ. మా అమ్మమ్మ ఎత్తి వేసి పంపింది."

"పుస్తకానికి కళ్ళు పాడవవు పాపా," అన్నాడు.

నన్ను కొలిమి నీడలోకి పిలిచి, ఒక ఉలి కాల్చి, రంగు నడుస్తుంటే ఒక్కో రంగు దగ్గరా నీ పటం పెట్టి చూపించాడు. "చూడు. వరుస సరిగ్గా ఉంది. ఒక రంగుకీ ఇంకో రంగుకీ మధ్య దూరం సరిగ్గా ఉంది. అంతా కలిసి ఒక అడుగు వెనక్కి జరిగింది. ఇక్కడ గోధుమ అని వేసినది అసలు ముదురు గడ్డి. తెలియనివాళ్ళయితే అడ్డదిడ్డంగా తప్పుతారు. ఇది తెలిసి, కనబడనివాళ్ళు చేసిన తప్పు." ఆ పదహారు పుటలు కూడా అడిగి తీసుకున్నాడు. ఊపిరి బిగపట్టే మాట దగ్గర ఆగి, "ఇది మా నాన్న చెప్పేవాడు. ఏ పుస్తకంలోనూ చూడలేదు," అన్నాడు.

ఆ సాయంత్రం నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. దుప్పట్లు పసుపుపచ్చ. బల్బు గుడ్డి. వరసలు వంకర. తాడు జారడం. ఇంకో సంగతి. వారానికి రెండు వేల నాలుగు వందల అడుగులు వేసే మనిషిని ఆపేది తుంటి కాదు.

కళ్ళలో శుక్లాలు కదూ? ఎంత కాలంగా?

ఎందుకు దాచావో నేను అడగను. ఆ పుటలు ఎక్కడివో కూడా నువ్వు చెబితేనే వింటాను. నాకు కావలసింది ఒక్కటి. మేస్త్రి రోజూ సాయంత్రం తన పక్కన నిలబడనిస్తానన్నాడు, ఎడమ వైపు. ఇరవై రోజులుంది. నేను నీ రంగుల్ని ఒక అడుగు ముందుకు జరిపి పది ఉలులు చేస్తాను. నువ్వు అరవై ఎనిమిది మెట్లు దిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఎవరిది ఎక్కువ కష్టమో తరువాత లెక్క చూసుకుందాం.

నీ
కందిరీగ


అక్టోబరు 15

ప్రియమైన అమ్మమ్మకు,

నా ఉత్తరానికి జవాబు లేదు. ఇన్నేళ్ళలో నువ్వు జవాబు ఇంత ఆలస్యం చేసినది లేదు, ఇప్పుడు మూడు వారాలైంది. కోపం వచ్చిందా? ఒంట్లో బాగాలేదా?

పరీక్ష పన్నెండున అయింది. పదింటిలో తొమ్మిది సాయంత్రం దాకా నిలిచాయి, ఒకటి నాలుగింటికి మొన వంగింది. పదీ నిలవాలి కదా, అయిపోయింది అనుకుని కాటా గదికి తిరిగి వచ్చేశాను. లారీ ఎక్కింది, తలుపు మూసుకుపోయింది. మేనేజరు కొలిమి దగ్గర మేస్త్రితో ఏదో అంటున్నాడు, అద్దంలోంచి పెదాలే కనబడుతున్నాయి. లారీ దిగాక రాళ్ళు కొట్టే అక్క వచ్చి తలుపు తీసింది. "వంగినదాన్ని సాగదీసుకోవచ్చు, విరిగినదాన్ని ఏం చేస్తాం అన్నాడు మీ మేస్త్రి. రా బయటికి," అంది.

ఒకటో తేదీ నుంచి కొలిమిలో. గది తాళం ఆ రోజే ఇచ్చేస్తాను. ఏడో నంబరు ఉలి నీకు పంపుతున్నాను, దాని మీద రంగు ఇంకా ఉంది. చూడగలిగినప్పుడు చూడు.

జవాబు రాయి. ఒక్క వరస చాలు.

నీ
కందిరీగ


నవంబరు 4 (9వ ఉత్తరం)

నా కందిరీగకు,

ఆలస్యం ముప్పై అయిదు రోజులు. కారణం కోపం కాదు. రాయడానికి చూపు లేదు, చెప్పి రాయించడానికి మనసు ఒప్పలేదు. ఇప్పుడు కుడి కన్ను ఉంది. మొత్తం రాస్తాను.

నీకు సగమే తెలిసింది. శుక్లాలు మూడేళ్ళ నుంచి ఉన్నాయి. నేను కిందపడినది కాలు మడతపడి కాదు. చివరి మెట్టు, కింది నేల ఒకే రంగులో కనబడి, మెట్టు అయిపోయిందనుకున్నాను. తుంటి ఎముక నాలుగు నెలల్లో అతికింది. ఆ తరువాత అంతా నేను తుంటి పేరు చెప్పి కూర్చున్న కాలం. మెట్ల అంచులు కనబడవు కనుక దిగలేను, దిగలేనని చెబితే ఎందుకని అడుగుతారు. గదికి తాళం వేసినది నేనే. తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు.

ఎందుకు దాచాను అని నువ్వు అడగలేదు. కాబట్టి చెబుతాను.

మా నాన్న ఇనుప సామాన్ల వ్యాపారి అని మీ అందరికీ చెప్పాను. ఆయన కమ్మరి. రాళ్ళు కొట్టేవాళ్ళకు ఉలులు చేసేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన కళ్ళకు ఇదే వచ్చింది. ఎవరికైనా తెలిస్తే పని రాదు. అందుకని నన్ను తిత్తి ఊదడానికి పెట్టుకున్నానని ఊరికి చెప్పి, ఎడమ వైపు నిలబెట్టుకునేవాడు. ఆయన ఉలి పట్టుకుని కదలకుండా ఉండేవాడు. నేను రంగు చూసి, మెల్లగా, ఎవరికీ వినబడకుండా "ఇప్పుడు" అనేదాన్ని. ఆయన ముంచేవాడు. ఆరేళ్ళు. బడి నుంచి రాగానే కొలిమి, సెలవు రోజైతే పొద్దున నుంచీ కొలిమి. నాకు జ్వరం వస్తే కొలిమికి సెలవు. మిగతా పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే చూసేదాన్ని. నాకు ఆ పని అసహ్యం. ఆ రంగులు మాత్రం అసహ్యం కావు, అది వేరే సంగతి.

పదిహేనో ఏట హాస్టలు ఉన్న బడిలో సీటు వచ్చింది. వెళ్ళనా అని అడగలేదు. వెళతానని చెప్పాను. నాన్న "వెళ్ళమ్మా" అన్నాడు. మూడు నెలలకు సెలవులకు వచ్చేసరికి గడప ముందు ఉలుల కుప్ప ఉంది. ఎవరు వాడినవి వాళ్ళు తెచ్చి పడేసి పోయారు. అన్నీ పెంకులుగా లేచినవే. నేను వాటిని లెక్కపెట్టాను, నూట పన్నెండు. నాన్న కొలిమి చల్లార్చి, వసారాలో కూర్చుని ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నా వల్ల అని ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళలో నేనూ చెప్పలేదు. లెక్క రాయడం ఆ రోజే మొదలుపెట్టాను.

నువ్వు ఆరు ఉలులు అద్దం ముందు వరసగా పెట్టారని రాసినప్పుడు నాకు కనబడినది ఆ గడప ముందు కుప్పే. పుస్తకం తప్పేమో అన్నావు. పుస్తకం లేదు. ఆ పదహారు పుటలూ మా నాన్నవి. ఆయనవి తప్పు కావు కనుక వాదించకన్నాను. తప్పు నా కళ్ళదని నాకు ఆ క్షణమే తెలిసింది. తెలిసి కూడా రెండో పటం వేసి పంపాను. నలభై ఎనిమిది రోజులే ఉన్నదానివి, నీకు రెండు వారాలు నష్టం చేశాను. దీనికి మార్కులు నువ్వే వెయ్యి.

మెట్ల సంగతి. నీ సెప్టెంబరు ఉత్తరాన్ని నీ అత్తయ్య చదివిపెట్టింది. చదివి, మడత పెట్టి నా చేతికిచ్చింది. నేనే అన్నాను, "ప్రతి మెట్టు అంచునా సుద్దముక్కతో తెల్ల గీత గీస్తే దిగగలను."

"ఈ మాట ముందే అంటే గీయకపోదునా అత్తయ్యా?"

"అంటే కళ్ళు కనబడవని చెప్పినట్టే కదా."

"మరి కనబడవుగా," అంది, సుద్దముక్క తీసుకుని వెళ్ళింది. అరవై ఎనిమిది గీతలు గీసింది. స్కేలు పెట్టి గీయమంటే మాత్రం నా వైపు చూసింది, ఇక అడగలేదు.

అక్టోబరు 21న దిగాను. నలభై ఒక్క నిమిషం, ఐదు చోట్ల ఆగాను. ఇరవై మూడో మెట్టు మీద కూర్చుండిపోయి తిరిగి వెళ్ళిపోదామన్నాను. నీ అత్తయ్య రెండు మెట్లు కింద నిలబడి, "పైకి వెళ్ళడానికి ఇరవై రెండు, కిందికి నలభై అయిదు. లెక్క మీకే బాగా వచ్చు," అంది. నా ఎడమ చెయ్యి పట్టుకుంది. ఒక్కో గీత దగ్గరా "ఇప్పుడు" అనసాగింది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను ఏడ్చానని నీకు రాయకూడదనుకున్నాను. లెక్క కనుక రాస్తున్నాను.

కింద కొట్టాయన కుర్చీ వేసి ఉంచాడు. "మేడంగారూ, గుర్రం కోసమా?" అన్నాడు. ఇన్ని నెలలు ఆయన బుర్రే చూశాను, మనిషి పొడగరి.

కుడి కంటికి ఆపరేషన్ 23న అయింది. కట్టు విప్పి ఇంటికి వచ్చాక మొదట చూసినది దుప్పటి. తెల్లగా ఉంది. నీ అత్తయ్యతో ఆ మాట చెప్పాను.

"రాసి ఇవ్వండి," అంది.

రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాను. వంటగదిలో గోడకు అంటించుకుంది.

నీ ఏడో నంబరు ఉలి చూశాను. మొన దగ్గర గోధుమ ఊదాలోకి తిరుగుతూ ఆగింది. సరిగ్గా అక్కడే. నూటికి నూరు వేయడం నాకు ఇష్టం ఉండదు. వేశాను.

దీనితో మూడో పటం పంపుతున్నాను. ఇందులో రెండు వరసలు ఉన్నాయి. కుడి వరస ఎడమ కన్ను మూసుకుని, బాగైన కంటితో వేసినది. నీ పనికి అదే. ఎడమ వరస కుడి కన్ను మూసుకుని చూసినది. అది రంగులు మరిచిపోయి వేసినది కాదు. కుడి వరసను ముందు పెట్టుకుని, శుక్లం ఉన్న కంటికి అది ఎలా ఉందో బాగైన కంటికి కూడా అలాగే కనబడేదాకా కలిపి వేశాను. ఆరు రోజులు పట్టింది. అందులో గడ్డి రంగుకూ గోధుమకూ తేడా చెప్పడం కష్టం, ఊదా మట్టి రంగులో కలిసిపోయింది, నీలం దాదాపు నలుపు.

నవంబరు 20న ఆ కంటికి కూడా చేస్తారు. తరువాత ఆ వరస వేయగలిగినవాళ్ళు ఈ ఇంట్లో ఉండరు. జాగ్రత్త పెట్టు. ఎప్పుడైనా నీ దగ్గరికి పని నేర్చుకోవడానికి ఎవరైనా వస్తే రెండూ చూపించు. కుడి వరస రంగులు. ఎడమ వరస, ఆరేళ్ళు నా పక్కన నిలబడి, నేను "ఇప్పుడు" అనేదాకా ఊపిరి బిగపట్టిన మనిషికి కనబడినది.

నీ కోసం ఎదురుచూసే
అమ్మమ్మ